నిలబెట్టాల్సిన ముక్క

ల్యాబ్‌లో అందరూ ఆమెను మైనమక్క అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కలు ఆమె బల్ల మీదికే వస్తాయి. బియ్యపుగింజలో సగం కూడా లేని ముక్కను కరిగిన మైనంలో పెట్టి, గడ్డ కట్టించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, గాజుపలక మీదికి ఎక్కించడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ గర్వం ఆమెకు కొంచెం కాదు, బోలెడంత ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చునే కళ్ళద్దాలాయన ఒక ముక్క సర్దేలోపు ఆమె మూడు సర్దేస్తుంది. "మీరు ముక్క పెట్టేలోపు రోగికి నయమైపోతుందండీ" అని రోజూ ఆటపట్టిస్తుంది. ఆయన పాపం నవ్వి ఊరుకుంటాడు.

అలాంటి మనిషి ఆ మంగళవారం పొద్దున ల్యాబ్‌లో ఉన్న గట్టి నియమాన్ని తుంగలో తొక్కింది. సొంతవాళ్ళ ముక్కను ఎవరూ ముట్టుకోకూడదన్నదే ఆ నియమం. కళ్ళద్దాలాయన ట్రేలోని ఒక డబ్బీ మీద తన అన్నయ్య పేరు కనపడగానే, గబుక్కున తీసి తన ట్రేలో వేసుకుంది. ఆయన చేతికి అన్నయ్యను వదలడమా, ఇంకా నయం.

అన్నయ్య బస్సు డ్రైవరు. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచి చదివించింది ఆయనే. పదేళ్ళుగా ఆయనకు గుండెల్లో మంట, పులితేన్పులు. వేళకాని వేళ కడుపునిండా తినడం, వెంటనే బస్సు వెనక సీట్లో నడుం వాల్చడం, మంట లేస్తే జేబులోంచి ఒక మాత్ర వేసుకోవడం. చూపించుకోమంటే, "నీకు ఎవర్ని చూసినా రోగాలే కనిపిస్తాయే. మాత్రకి తగ్గుతోందిగా" అని కొట్టిపారేసేవాడు. ఈ మధ్య పొద్దున్నే నోట్లోకి చేదు పసరు ఎగదన్నడం మొదలైంది. చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కెళితే, డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూశాడు. అన్నవాహిక అడుగున ఎర్రబడిన చోట చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపాడు.

అన్నవాహిక ముక్కను మైనంలో పడుకోబెట్టకూడదు, అంచు మీద నిలబెట్టాలి. అప్పుడే పైపొర నుంచి అడుగు దాకా కణాల వరస తెలుస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి నేర్పేది ఆమే. కానీ ఆ పొద్దున పట్టకారు పట్టిన చెయ్యి వణికింది. ముక్క ఒరిగిందేమోనని అనుమానం కూడా వచ్చింది. తన చేతిలో తప్పు జరగడమేమిటని ధీమా. అలాగే గడ్డ కట్టించి, కోసి, రంగు వేసి పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నం, పలకలు చూసి రోగం తేల్చే ల్యాబ్ డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలోంచి తలెత్తి ఆమెను పిలిచింది.

"ఇటు చూడు మైనమక్కా. కడుపులోని యాసిడ్, దాంతోపాటు పసరు, ఏళ్ళ తరబడి పైకొచ్చి ఈ గోడని తడిపాయి. ఇక్కడుండే కణాలు ఆ దెబ్బకి తట్టుకోలేవు. అవి పోయిన చోట పేగుల్లో ఉండే రకం వచ్చి కూర్చుంది. మాత్రతో మంట తగ్గుద్ది గానీ పసరు రావడం ఆగదుగా. అంతవరకే అయితే కనిపెట్టుకుని ఉంటే చాలు. కానీ ఇవి చూడు, నల్లగా, ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. కేన్సర్ దారి పట్టినట్టున్నాయి. అదే రాయబోతున్నా."

మైనమక్క వంగి సూక్ష్మదర్శినిలో చూసింది. అన్నయ్యదని తెలిసినా కళ్ళు తమ పని తాము చేశాయి. పైపొర ఏది? అడుగేది? వరసే లేదు. పడుకున్న ముక్కను కోస్తే అడుగు కణాలే కనపడతాయి, అక్కడ అవి మామూలుగానే కిక్కిరిసి ఉంటాయి. అంటే ఇది తన చేతి తప్పు కావచ్చు. నిజంగా రోగమే అయినా కావచ్చు. నోరు విప్పితే ఇరవై రెండేళ్ళ పరువు పోతుంది. విప్పకపోతే అన్నయ్య నెత్తిన లేని పిడుగు పడుతుంది.

"రాయకండి డాక్టరమ్మా. ఆయన మా అన్నయ్య. ట్రే మార్చి నేనే పెట్టాను. చెయ్యి వణికి ముక్క ఒరిగింది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఈ మాట నిన్ననే చెప్పాల్సింది. పోయి తప్పుల పుస్తకంలో రాయి. మైనం కరిగించి మళ్ళీ పెట్టించు. మిగిలింది రవ్వంతే, అదీ పాడైతే మీ అన్నయ్య మళ్ళీ గొట్టం మింగాలి."

మైనమక్క కళ్ళద్దాలాయన ముందు నిలబడి ఉన్నదంతా చెప్పింది. "తప్పయిపోయిందండీ. మీరే పెట్టాలి."

"నాకు టైం పడుతుందమ్మా."

"ఎంతైనా పట్టనివ్వండి."

ఎంతైనా అంటే ఎంతో అప్పుడు తెలిసొచ్చింది. ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. ముక్కను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, భూతద్దంలో చూశాడు, మళ్ళీ తిప్పాడు. లాక్కుని తనే పెట్టేయాలని ఆమె ప్రాణం ఒకటే కొట్టుకుంది. చేతులు ఒళ్ళో బిగించుకుని స్టూలు మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి, నెమ్మదిగా చేసే మనిషి పక్కనున్నందుకు దండం పెట్టుకుంది.

సాయంత్రం కొత్త పలక చూసి డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టింది. ఈసారి గోడ గోడలా ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్న కణాలు కడవల్లా ఉబ్బి, అయినా వరస తప్పకుండా ఉన్నాయి.

"మారాయి. చెడలేదు" అంది డాక్టరమ్మ. "ముందు ముందు ఏవైనా దారి తప్పొచ్చు, అందుకని గొట్టం వేసిన డాక్టరు చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. వేళకి తినాలి, తినగానే పడుకోకూడదు. మందు ఆయన రాస్తాడు."

మైనమక్క అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత అన్నయ్యకు ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన తప్పుతో సహా.

"ఇన్నేళ్ళ పనిలో వణకని చెయ్యి ఇప్పుడెందుకు వణికిందే?" అన్నాడాయన.

"నువ్వు కాబట్టి. నువ్వు లేకపోతే నేనేమైపోతానో అని భయమేసింది."



"నాకూ భయమేనే" అన్నాడు అన్నయ్య. "అందుకే పదేళ్ళు చూపించుకోలేదు. ఈసారి నువ్వు లాక్కెళ్ళక్కర్లేదు, నేనే వెళ్ళి చూపించుకుంటాను."