నికెల్ వెయ్యని బోల్టులు

"సట్నీలో ఉప్పు లేదే," అన్నాడు ఉమామహేష్. అంటూనే బ్యాగులోంచి టెస్టు రిపోర్టు తీసి కావేరి ముందు పెట్టాడు. "సంతకం ఎట్టెయ్. కంపెనీ బస్సొచ్చే టైమయిపోతంది."

పెనం మీద అట్టు వదిలేసి ఆమె కాగితం చూసింది. 'పాస్' అని ముందే టైపు చేయించేశాడు. అమ్మో, ఎంత ధైర్యం! ఇద్దరిదీ ఒకటే కంపెనీ. ఉక్కు బోల్టులకి అతను పూత వేయిస్తాడు, ఆమె పరీక్ష చేస్తుంది. ఇంజను వేడిలో ఉండే బోల్టులకి తుప్పు పట్టకుండా పైన కాడ్మియం, అది ఉక్కుని తాకకుండా అడుగున నికెల్ పడాలి. మొన్న మేనేజరు పుట్టినరోజని ఇతగాడు మాడుగుల హల్వా కోసం పరుగెత్తాడు. ఆ తొందరలో నికెల్ తొట్టె వదిలేసి, సరుకంతా నేరుగా కాడ్మియంలో ముంచించేశాడు. కంటికి తేడా తెలియదు, అదే మెరుపు. నిన్న కావేరి నాలుగు బోల్టులు తీసి, బిగించి వేడిచేస్తే నాలుగుకి నాలుగూ పుటుక్కుమన్నాయి. హల్వా ఇంటికీ వచ్చింది గానీ ఆమె దాకా రాలేదు.

"మొగుడి పరువు పెళ్లాం కాకపోతే ఎవులు కాస్తారే?" అంది అత్త గున్నమ్మ.

"నీకా ఉద్యోగం ఇప్పించింది నేనే, మర్సిపోకు," అన్నాడు ఉమామహేష్.

ఆరేళ్లుగా ఇదే పాట. పైచదువుకి అప్లికేషను పెడితే, 'నీకెందుకే ఆ కష్టం, నేన్లేనా' అన్నాడు. ట్రైనింగుకి హైదరాబాదు పంపుతామంటే, 'ఆడమనిషివి, ఒక్కదానివీ ఎలాగెళ్తావు' అని తనే మేనేజరుకి వద్దని చెప్పొచ్చాడు. ఎండా వానా తగలకుండా కాపాడుతున్నాడని మురిసిపోయింది, పిచ్చిది. నాలుగింటికి లేచి వంట, అంట్లు, ఆపైన ఎనిమిది గంటల డ్యూటీ, వచ్చాక మళ్లీ వంట. వాటిలో ఏ ఒక్కదాన్నించీ మాత్రం కాపాడలేదు. ఒళ్లు మండిపోయింది కావేరికి.

"రేపు ఇంజన్లో ఇరిగితే ఎవులి పేణాలు పోతాయో తెలుసా?"

"అప్పుడు సూసుకుందాం. పైకి బాగానే ఉన్నాయి కదా!"

ఆమె స్టవ్ ఆపింది. 'పాస్' కొట్టేసి, 'ఫెయిల్, నికెల్ లేదు' అని రాసి, సంతకం చేసి, కాగితం తన బ్యాగులో పెట్టుకుంది.

"ఒసే, నా ఉద్యోగం పోద్దే!"

"సల్లగా ఉన్నంతసేపే కాడ్మియం బోల్టుని కాస్తాదండీ. వేడి తగిలితే కరిగి, అదే లోపలికి దూరి ఇరగ్గొట్టేస్తాది," అంది కావేరి చెప్పులేసుకుంటూ. "ఆరేళ్లనించీ మీరు నాకేసిన పూత కూడా అదే. కాపోతే నేను ఇరగను."