రేసు ఇంజను

మావయ్య తన మోటార్‌సైకిలును నా పళ్ళ క్లినిక్కులోకి తోసుకొచ్చినప్పుడు, కుర్చీలో ఉన్న పేషెంటు అప్పటికే నోరు తెరుచుకుని ఉన్నాడు. లేకపోతే అప్పుడు తెరిచేవాడు.

"దీనికి అచ్చు తియ్యాలే అమ్మడూ," అన్నాడు మావయ్య, హ్యాండిలు కింద ఇనప గొట్టం మీద వేలు పెట్టి. "ఫ్రేము నంబరు ఇక్కడే ఉంది. రంగు గీకి చూశాను. అరిగిపోయింది, కనపడి చావట్లేదు."

పళ్ళకు అచ్చు తీసే పేస్టుతో ఇనుముకు కూడా తీయవచ్చని ఈ డ్రాయింగు మాస్టారికి ఎవరు చెప్పారో తెలియదు. నేనే వాగి ఉంటాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

అది ఇంగ్లండులో తయారైన పాతకాలపు బండి. అచ్చం అలాంటిదే మా నాన్న దగ్గర కూడా ఉంది. అదే మోడలు, అదే నలుపు. బావా బావమరుదులిద్దరూ కుర్రతనంలో ఒకరిని చూసి ఒకరు కొన్నారు. మావయ్యకు అమ్మినవాడు, ఇది ఫ్యాక్టరీలో రేసుల కోసమని ప్రత్యేకంగా కట్టిన ఇంజను అని చెప్పాడట. ఆ ధీమాతో మావయ్య నాన్నతో పందెం వేసి, కొండ రోడ్డు మీద అందరి ముందూ ఓడిపోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో "రేసు ఇంజను" అంటే మావయ్యే. ఆయన మెట్లెక్కి ఆయాసపడితే, "ఏం రేసు ఇంజనూ, పొగొస్తోందా?" అంటాడు నాన్న. పెళ్ళిళ్ళలో అన్నాడు. పరామర్శకు వెళ్ళినచోట అన్నాడు. మావయ్యకు పిల్లనిచ్చిన మామగారి ముందు కూడా అన్నాడు. మావయ్య ప్రతిసారీ నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు నాన్న మీద ఒళ్ళు మండేది.

"అమ్మినవాడు అబద్ధం చెప్పలేదని తేలితే చాలే," అన్నాడు మావయ్య. "ఇంకేం అక్కర్లేదు నాకు."

పేషెంటును పుక్కిలిస్తూ ఉండమని చెప్పి గులాబీరంగు పేస్టు కలిపాను. గొట్టానికి అద్ది, గట్టిపడ్డాక ఊడదీసి, అచ్చులో తిరగబడ్డ అంకెలను అద్దంలో చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. మత్తుమందుకు పెదవి వేలాడిపోయిన పేషెంటు కూడా లేచొచ్చి చూసి చప్పట్లు కొట్టాడు. ఇంజను నంబరు తేలిగ్గానే దొరికింది. గుడ్డతో తుడిస్తే చాలింది.

ఇంగ్లండులో ఒక పెద్దాయన ఉన్నాడు. రిటైరయ్యాక కాలక్షేపానికి, ఆ ఫ్యాక్టరీ పాత రికార్డులు వెతికి ఏ బండి ఎలా తయారైందో చెబుతుంటాడు. రెండు నంబర్లూ ఆయనకు పంపాను. ఆదివారం మా ఇంటి హాల్లో అందరం కూర్చుని ఆయనకు ఫోను చేశాం. నాన్న కాలు మీద కాలేసుకుని, నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

పెద్దాయన ముందు ఇంజను సంగతి చెప్పాడు. ఆఫీసుకు పోయి రావడానికి కట్టిన మామూలు ఇంజనట. నాన్న నవ్వు చూడాలి. కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. మావయ్య తల వంచుకున్నాడు.

అయితే, అన్నాడు పెద్దాయన, మీరు పంపిన ఫ్రేము నంబరు ఈ ఇంజనుది కాదు. ఆ ఫ్రేములో బిగించి పంపిన ఇంజను వేరు. దానిది రేసు పిస్టను, దాన్ని పరీక్షించిన పద్ధతే వేరు. ఆ ఇంజను నంబరు చదివి వినిపించాడు.

"మరి నా ఇంజను ఏమైనట్టు? ఎవడు కొట్టేశాడు?" అన్నాడు మావయ్య.

"ఎవరూ కొట్టెయ్యలేదురా తమ్ముడూ," అంది గుమ్మంలోంచి అమ్మ. "పందేనికి ముందురోజు ఇద్దరూ ఇంజన్లు ఊడదీసి నా కొత్త దుప్పటి మీద పెట్టలేదూ? శుభ్రం చేసి ఎవరు ముందు బిగిస్తారో అని దానికో పందెం. ఆ మరకలు ఇప్పటికీ వదల్లేదు."

నాన్నకు కళ్ళజోళ్ళ కొట్టుంది. మావయ్య పిల్లలకు చూసి గియ్యడం నేర్పుతాడు. ఇంత చూపున్న ఇద్దరిలో ఒక్కడూ నంబరు చూసుకోలేదు. చూస్తే ఆలస్యమవుతుందిగా మరి.

పళ్ళు చూసే అద్దం, టార్చీ పట్టుకుని పెరట్లో నాన్న బండి దగ్గరికి పరిగెత్తాను. నేను ఒక్కో అంకె చదువుతుంటే నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పెద్దాయన చదివిన నంబరుతో అన్ని అంకెలూ కలిశాయి. మావయ్య అమ్మ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాడు. "వదలరా, నడుం పట్టేస్తుంది," అంటూ అమ్మ కూడా తిరిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నాన్న లోపలికి వెళ్ళి బోల్టులు విప్పే పానాలు తెచ్చాడు.

"విప్పెయ్. నీది నీకు, నాది నాకు."

"వద్దు బావా. నీ దగ్గరే ఉండనీ."

"ఎందుకుండాలి?"

"ఇన్నాళ్ళూ నువ్వు గెలిచిందల్లా నా ఇంజనుతో. ఇకమీద గెలిచినా అంతే. దీన్నెవడు వదులుకుంటాడు?"

నాన్న గదమాయించాడు. తర్వాత బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. మావయ్య ససేమిరా అన్నాడు.

సాయంత్రం అలవాటు ప్రకారం కొండ మీదికి బయలుదేరాం. నేను మావయ్య వెనక కూర్చున్నాను. రెండో మలుపు దగ్గర నాన్న మమ్మల్ని దాటేసి వెక్కిరించడం ప్రతివారం జరిగేదే. ఆ రోజు మలుపు వచ్చింది, నాన్న రాలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఆయన బండిని నత్తనడకన నడుపుతూ, తల దించుకుని ఎంతో దూరంలో వస్తున్నాడు. గెలవడానికి ఆయనకిప్పుడు మొహం చెల్లడం లేదు.

ఆ మలుపు దాటాక కూడా మావయ్య ముందుండడం జీవితంలో అదే మొదటిసారి. కాసేపు ఈల వేశాడు. తర్వాత మానేశాడు. ఇంకాస్త ఎక్కాక బండి పక్కకు తీసి ఆపాడు. నాన్న వచ్చి పక్కన ఆగాడు, మా వైపు చూడకుండా.

"ముందు నడు బావా," అన్నాడు మావయ్య. "నా ఇంజను అలా దేకుతూ వస్తుంటే నేను చూడలేను."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. గేరు వేశాడు. మా ముఖాన ఇంత దుమ్ము కొట్టి మలుపు తిరిగిపోయాడు.

మావయ్య దగ్గుతూనే వెనక్కి తిరిగి నా భుజం కుదిపాడు.

"ఎలా ఎక్కేస్తోందో చూడవే అమ్మడూ."