రబ్బరు తోట జోగెట్

దేవకి పాటగత్తె కావడానికి మొదటి కారణం ఇంకొకరి జలుబు.

అది పంతొమ్మిది వందల యాభై నాలుగు, మలయా దేశం. పెనాంగు దీవి మీది జార్జ్ టౌన్‌లోని టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఆమెది మొదటి ఏడు. ఆ కాలేజీకో బ్యాండు ఉండేది. గిటారు నాగప్పన్‌ది, డోలు మణియంది. ఇద్దరూ తమిళులే అయినా ఇంగ్లీషు డాన్సు పాటలు, సినిమా పాటలు, మలయ్ వాళ్ళు జంటలుగా ఆడే జోగెట్ వరసలు, ఎవరేది అడిగితే అది వాయించేవాళ్ళు. వార్షికోత్సవం రోజున పాడాల్సిన అమ్మాయికి జలుబు చేసి గొంతు మూగబోయింది. అప్పటికే హాలు నిండిపోయింది. ఎప్పుడో బస్సులో దేవకి కూనిరాగం విన్న నాగప్పన్ పరుగెత్తుకొచ్చి, "నువ్వు రా! రెండు పాటలే. పరువు కాపాడు" అని తమిళంలో బతిమాలాడు.

దేవకి వణుకుతూనే స్టేజి ఎక్కింది. రెండో పాటకి వణుకు పోయింది. పాట అయ్యాక దిగబుద్ధి కాలేదు.

ఆ ఏడంతా ఆమె బ్యాండుతోనే పాడింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. తండ్రి కాంతయ్య బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. ఆయన తండ్రి విశాఖపట్నం వైపు నుంచి కూలీగా ఓడెక్కి వచ్చినవాడు. ఒక తరంలో రబ్బరు పాలు గీసే కత్తి పోయి కలం వచ్చింది. అందుకే కాంతయ్యకు పరువంటే ప్రాణం. వరసగా కట్టిన లైన్ల ఇళ్ళలో కూలీలు మాట్లాడే 'ఏటి', 'సేసినాను' తన గుమ్మం తొక్కకూడదనేవాడు. దేవకి చిన్నప్పుడు ఆ మాటలు లైన్లలో నేర్చుకుని, ఇంటికొచ్చేలోపు మరిచిపోవడం అలవాటు చేసుకుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళిన రెండో రోజే తోటలో గోల. తెల్లదొరల మీద పోరాడుతూ అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులు రాత్రికి రాత్రి వచ్చి ఒక వరస రబ్బరు చెట్లను నరికిపోయారు. నేలకూల్చలేదు, బెరడంతా చీరేశారు. ఆ వరస మరిడమ్మది. దేవకిని ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. మొగుడు పోయాక ఒక్కతే పాలు గీస్తూ బతుకుతోంది. దేవకి వెళ్ళేసరికి మరిడమ్మ ఒక చెట్టును కావలించుకుని నిలబడి ఉంది. చీలికల్లోంచి కారిన పాలు రైకకంతా అంటుకున్నాయి.

"ఏటే తల్లీ, నిన్నేటి సేసినారే... అడిగితే ఇత్తువు గదే!" అని చెట్టుతోనే మాట్లాడుతోంది.

పక్కన తుపాకులతో నిలబడ్డ కాపలావాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

దేవకికి ఆ మాటలు చెవిలోంచి పోలేదు. పెనాంగు తిరిగి వెళ్ళే రైల్లో అవి వాటంతట అవే వరస కట్టాయి.

*ఏటే నా సెట్టు తల్లీ, ఎవులు నిన్ను నరికినారు*
*పాలడిగితే ఇత్తువు గదే, పేణమెందుకు తీసినారు*

నాగప్పన్ విని కొంచెంసేపు గిటారు తీగలు సవరించాడు. "మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ ఇది ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన పాట కాదు. నీదే కదూ?" అన్నాడు.

"నాదే," అంది దేవకి. ఆ మాట అంటుంటే భయమేసింది, సంతోషమూ కలిగింది.

కాలేజీలో ఆ పాట బాగా నడిచింది. అది విన్న ఒకతను ఊళ్ళోని తెలుగు సంఘం పెద్ద వెంకటసామి గారికి చెప్పాడు. ఆయన మంచివాడు. ఇంటికి పిలిచి ఇడ్లీలు పెట్టించి పాట విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

"గొంతు దేవుడిచ్చాడమ్మా నీకు. పాట సంఘం పండగలో పాడాలి. ఒక్క మనవి. ఈ 'ఏటే', 'సెట్టు' ఎందుకు? మనల్ని చూసి తమిళులు ఇప్పటికే కూలీ జాతంటున్నారు. మంచి తెలుగులో పెట్టుకో."

ఆయన మీద గౌరవంతో దేవకి మాటలు మార్చింది. 'ఏమమ్మా నా చెట్టు తల్లీ, ఎవరు నిన్ను నరికారు' అని పాడింది. చప్పట్లు కొట్టారు, వెండి కప్పు ఇచ్చారు. ఆ కప్పు సంగతి వెంకటసామి గారి ద్వారానే కాంతయ్యకు చేరింది. కూతురు స్టేజి మీద పాడిందనే కోపం, పెద్దలు మెచ్చుకున్నారనే గర్వం, రెండూ కాసేపు పోట్లాడుకుని గర్వమే గెలిచింది. కప్పు బీరువాలో అందరికీ కనిపించేలా అద్దం వెనక పెట్టించాడు.

తర్వాతి సెలవుల్లో దేవకి మరిడమ్మ ఇంటికి వెళ్ళింది. లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె గేటు దగ్గర ఆడ కాపలామనిషి ఆమె సంచీ తడిమి వదిలింది. బియ్యం అడవిలోని వాళ్ళకు చేరకుండా వచ్చేపోయే అందరికీ ఆ తనిఖీ ఉండేది. మరిడమ్మ గడపలో కూర్చుని ఎండుచేపలు తుంపుతోంది. దేవకి ఎదురుగా కూర్చుని సంఘంలో పాడిన పాట మొత్తం పాడింది.

మరిడమ్మ శ్రద్ధగా విని తల ఊపింది. "బాగున్నాదమ్మా. పాపం, ఎవుల్దీ పాట?"

దేవకి ముందుకు జరిగింది. "నీదే పిన్నీ. నీ సెట్ల పాటే."

"నాదా?" మరిడమ్మ చేప కింద పెట్టింది. "నానెప్పుడమ్మా అలాగ మాటాడినాను?"

దేవకి గొంతు సవరించుకుని, మొదట కట్టినట్టు 'ఏటే నా సెట్టు తల్లీ' అని ఎత్తుకుంది. రెండో చరణం అయ్యేసరికి మరిడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోననుకుంది దేవకి. చూస్తే నవ్వుతోంది.

"ఇప్పుడు నానే. కానీ ఏటే అమ్మా, నన్ను మరీ ఏడుపుగొట్టుదాన్ని సేసేసినావు! పొద్దుట ఏడ్సినాను, నిజమే. సందేలకి ఆకలేసినాది. సేపలు తెచ్చి పులుసెట్టినాను. మా కూలీల మీది కంగాణీ ఒచ్చి 'ఏటే మరిడమ్మా, సెట్లు పోతే పులుసెట్టుకున్నావా?' అన్నాడు. 'సెట్లకి పులుసు తెలుసేటి, నాకు తెలుసు గానీ' అన్నాను."

దేవకి కూడా నవ్వేసింది. నవ్వుతూ ఉండగానే ఆమెకు అర్థమైంది. తను మరిడమ్మ దుఃఖాన్ని మాత్రమే ఎత్తుకెళ్ళింది, మరిడమ్మను అక్కడే వదిలేసింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ చేపలు తుంపుతూ కూర్చుని పాటకు కొత్త చరణాలు కట్టారు. సగం మాటలు మరిడమ్మవే.

*పొద్దుటేల ఏడ్సినాను సెట్టు మెడ సుట్టుకోని*
*సందేలకి సేప తెచ్చి పులుసెట్టినానులే*
*కత్తి పట్టి ఒచ్చినోడా, కడుపు నీకు లేదేటి*
*సెట్టు మొండి, నాను మొండి, సూద్దుమెవులు ఉంతారో*

కాలేజీకి వెళ్ళగానే నాగప్పన్ దాన్ని జోగెట్ దరువులో పెట్టాడు. మణియం డోలు మీద రెండు దెబ్బలు వేసేసరికి దేవకి కాళ్ళు నిలవలేదు. ఏడుపు ఏడుపులాగే ఉంది, కానీ ఇప్పుడది నడుస్తోంది.

చదువైపోయాక ముగ్గురూ కౌలాలంపూర్‌లో రేడియో వాళ్ళ దగ్గర పరీక్షకు వెళ్ళారు. అక్కడి అధికారి తెలుగు తెలిసిన తమిళుడు, నున్నగా దువ్విన జుట్టు, కళ్ళద్దాలు. తెలుగు పాటలకు చోటు తక్కువని ముందే చెప్పాడు. పాట మొదలయ్యాక ఆయన బల్ల మీద వేళ్ళు దరువు వేయడం దేవకి చూసింది. అయినా చివర్లో ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఇలా మాట్లాడే తెలుగువాళ్ళు ఈ దేశంలో నిజంగా ఉన్నారా?"

"ఇలా మాట్లాడేవాళ్ళే ఎక్కువండీ," అంది దేవకి.

రికార్డు చేసుకున్నారు. పాట ఒక ఆదివారం సాయంత్రం వస్తుందన్నారు. అప్పటికి అడవివాళ్ళ భయంతో పెట్టిన కర్ఫ్యూ ఆ వైపు ఎత్తేశారు. దేవకి ఇంటికి వచ్చింది. తండ్రి అద్దం వెనక కప్పు పెట్టుకున్నది మంచి తెలుగు పాటకు. రేడియోలో రాబోయేది వేరే.

కాంతయ్యకు అది తెలియదు. ముచ్చటగా రేడియోను వరండాలోకి తెచ్చి పెట్టాడు. లైన్ల వాళ్ళు కూడా వింటారని కబురు పంపాడు. మరిడమ్మ ఉతికిన చీర కట్టుకుని మెట్ల కింద అందరికన్నా ముందు కూర్చుంది.

పేరు చెప్పారు. డోలు మోగింది. *ఏటే నా సెట్టు తల్లీ.*

కాంతయ్య కుర్చీలో నిటారుగా అయిపోయాడు. దేవకి ఆయన వైపు చూడలేకపోయింది. కింద నుంచి ఎవరో "ఓలమ్మో, మన మాట!" అని అరిచారు. పులుసు చరణం వచ్చేసరికి అందరూ మరిడమ్మను చూసి ఈలలు, నవ్వులు. మరిడమ్మ రాణిగారిలా కదలకుండా కూర్చుంది. పాట అయిపోయింది. రేడియోలో ఇంకేదో మొదలైంది.

"నాన్నా," అంది దేవకి.

కాంతయ్య కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు. "మాయమ్మ ఇలాగే మాటాడేది," అన్నాడు. ఆయన నోట ఆ యాస దేవకి వినడం అదే మొదలు. "సచ్చిపోయి ఇరవయ్యేళ్ళు. మళ్ళీ యినిపిత్తాదనుకోలేదే."

ఆ పాట తోట నుంచి తోటకు పోయింది. జొహోరులో పెళ్ళిళ్ళకు వాయిస్తున్నారని, పేరాక్‌లో మలయ్ కుర్రాళ్ళు మాటలు తెలియకుండానే ఆడుతున్నారని కబుర్లు వచ్చాయి. వెంకటసామి గారు కూడా ఉత్తరం రాశారు, మాటల సంగతి ఎత్తకుండా, సంఘం పండగకు మళ్ళీ రమ్మని. దేవకికి కౌలా సెలంగోర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. వారమంతా బడి, శని ఆదివారాలు బస్సెక్కి ఎక్కడ పిలిస్తే అక్కడికి పాట.

యాభై ఏడు ఆగస్టు చివర్లో దేశానికి మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. క్లాంగ్ మైదానంలో పండగ చేశారు. కొత్త జెండాలు, ఐసు బండ్లు, పిల్లల ఏడుపులు. చైనీయుల సింహం ఆట అయ్యాక మైకులో దేవకి పేరు పిలిచారు. ఆమె పాడుతుంటే ముందు వరసల్లోని తెలుగువాళ్ళు పాట అందుకున్నారు. వెనక వరసల్లో తెలుగు రానివాళ్ళు 'సూద్దుమెవులు ఉంతారో' దగ్గర చప్పట్లతో కలిశారు. అంతమంది గొంతుల మధ్య తన గొంతు తనకే వినపడక దేవకి ఒక్క క్షణం ఊరుకుంది. పాట ఆగలేదు. జనమే పాడుకుంటూ పోయారు.

స్టేజి దిగాక నలుగురైదుగురు ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడ్డారు. దూరపు పామాయిల్ తోట నుంచి వచ్చారట. అందరికన్నా పెద్దామె పేరు అచ్చమ్మ. చేతుల నిండా ముళ్ళు గీరుకున్న గాట్లు.

"రబ్బరోళ్ళకే పాటేటమ్మా? మా పామాయిలోళ్ళకి బతుకు లేదేటి?" అంది తగువులాటకు వచ్చినట్టు.

"ఎందుకు లేదు అప్పా," అంది దేవకి. అప్పటికే చెప్పులు విప్పేసింది. గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కూకోండి. నెమ్మదిగా సెప్పండి. నవ్విందీ సెప్పాలి, ఏడ్సిందొక్కటే కాదు."

అచ్చమ్మ కూర్చుని చీర సర్దుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కవాళ్ళను చూసింది, వాళ్ళు కిసుక్కున నవ్వారు. బస్సుకు వేళవుతోందని చెప్పబోయి నాగప్పన్ ఆగిపోయాడు. పెట్టెలో పెట్టిన గిటారు మళ్ళీ బయటికి తీశాడు.