దేశానికో చేప కోసిన కత్తిపీట

నేను ఒక కత్తిపీటని. చేపల కత్తిపీటని. వంకాయలు కోసే కత్తిపీటలు సన్నగా, ముద్దుగా ఉంటాయి. నేను అలా ఉండను. నా కత్తి మూరెడు పొడవు. వీపు మందం. కొన కొంగ ముక్కులా ముందుకి వంగి ఉంటుంది. కింద పీట పాత పడవ చెక్క.

మిగతా కత్తులకీ నాకూ ఒకటే తేడా. అవి కదులుతాయి, నేను కదలను. ఆడమనిషి పీట మీద కాలేసి కూచుని, రెండు చేతులా చేపని పట్టుకుని నాకేసి నెడుతుంది. వచ్చినదాన్ని కోస్తాను. రానిదాన్ని కొయ్యను. అందుకని ఎవరి ఉసురూ నాకు తగలదని చాలాకాలం అనుకున్నాను.

నన్ను చేసింది భీమిలి కమ్మరి. ఒడ్డున విరగ్గొట్టిన ఇంగ్లీషు స్టీమరు ముక్క ఒకటి తెచ్చి కొలిమిలో పెట్టాడు. ఎర్రగా కాలాక సమ్మెటతో కొట్టాడు. తిప్పి కొట్టాడు. నీళ్ళలో ముంచి, తీసి, మళ్ళీ కాల్చి కొట్టాడు. మనుషులు దేన్ని పనికొచ్చేలా చెయ్యాలన్నా ముందు దాన్ని చావగొడతారు. తర్వాత పసుపూ కుంకుమా పెడతారు. నాకూ పెట్టారు.

పెళ్ళినాడు కాసులమ్మకి వాళ్ళమ్మ నన్ను ఇచ్చింది. చేతికి ఇవ్వలేదు. కత్తిని చేతికి చేతికి ఇస్తే తగువులొస్తాయని నేల మీద పెట్టింది. కాసులమ్మ నేల మీంచి తీసుకుంది. "పని అయిపోతే పక్కకి తొంగోబెట్టు. నిలబెట్టి లెగవకు" అని చెప్పింది తల్లి. కత్తిపీట నిలబడి ఉంటే ఇంట్లో ఎవరో ఒకరు పడతారని వాళ్ళ మాట. కాసులమ్మ ఎప్పుడు లేచినా నన్ను పక్కకి ఒరిగించే లేచేది.

ఆమె మొగుడు పోలయ్య ఓడల్లో బొగ్గు వేసేవాడు. చలి సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఇంగ్లీషు రేవులో దిగిపోయి, కొన్నాళ్ళకి పెళ్ళాన్ని రమ్మన్నాడు. ట్రంకుపెట్టెలో నన్ను గోనెపట్టా చుట్టి తెచ్చింది. రేవులో అధికారి పెట్టె తెరిచి నన్ను చూసి ఇదేమిటన్నాడు. పోలయ్యకి వచ్చిన ఇంగ్లీషు కొంచెం. "కుర్చీ" అన్నాడు. అధికారి నా కొనని చూశాడు, పోలయ్య వెనక భాగాన్ని చూశాడు, పెట్టె మూసేశాడు. నా ఇనుము ఆ దేశానిదే. పుట్టింటికి వచ్చానని ఎవరికి చెప్పను?

వాళ్ళు వేపుడు చేపల కొట్టు పెట్టారు. ముందు కొట్టు, వెనక వంటిల్లు, పైన పడకగది. ఆ ఊరివాళ్ళకి ముల్లు ఉండకూడదు, తల ఉండకూడదు, చేప చేపలా ఉండకూడదు. కాసులమ్మ నా దగ్గర కూచుని ముల్లు తీసేది. తలకాయలు పులుసుకి దాచేది. కొన్నేళ్ళకి ఆమె తమ్ముడు ఎర్రన్న కూడా వచ్చి రేవులో మూటలు మోసే పనికి కుదిరాడు. అక్కని వాళ్ళు అప్ప అంటారు. రోజూ పని దిగి "అప్పా, ఏటి కూర" అంటూ వెనక తలుపులోంచి వచ్చేవాడు.

అదే వీధిలో తల్లితో ఉండే టెర్రీ అనే కుర్రవాడు ప్రతి శుక్రవారం కొట్టుకి వచ్చేవాడు. "మిసెస్ కాసీ, తోక ముక్క" అనేవాడు. తోక దగ్గర కరకరలాడుతుంది. కాసులమ్మ వాడికని తోక పక్కన పెట్టేది.

తర్వాత ఆ రేవులో చేపల ఓడలు ఆగిపోయాయి. మగాళ్ళు ఇళ్ళలో కూచున్నారు. పని పోయినవాడికి కోపం వస్తుంది. కోపం వచ్చినవాడికి చేతికి అందేంత దగ్గరలో ఇంకొకడు కావాలి. కుర్రాళ్ళు గుండ్లు గీయించుకుని, ఇనుప ముక్కుల బూట్లు తొడుక్కుని వీధిలో నిలబడ్డారు. టెర్రీ కూడా గుండు గీయించుకున్నాడు. శుక్రవారం తోక ముక్క తినేవాడు, శనివారం బంతాట అయ్యాక వాళ్ళతో కలిసి అద్దానికి ఉమ్మేవాడు. వాడికి ఆ రెండూ వేరు వేరు పనులు.

మొదట అద్దం పగిలింది. కొత్తది వేస్తే అదీ పగిలింది. తలుపు సందులోంచి మలం వేశారు. ఎర్రన్నని వంతెన కింద సైకిలు గొలుసుతో కొట్టారు, వీపు మీద గొలుసు అచ్చు మానలేదు. ఒక శనివారం పోలయ్య అద్దం ముక్కలు ఏరుతుంటే సీసా వచ్చి మొహం మీద పగిలింది. ఎడమ కన్ను పోయింది. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వేపుడు చేప తిన్నారు, వెళ్ళారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పోలయ్య అన్నాడు. "ఈ దేశం మనకొద్దు."

"ఏ దేశం కావాలేటి మరి?" అంది కాసులమ్మ. అప్పుడు నా మీద హాడక్ చేప వీపు తెగుతోంది.

అప్పట్నుంచి రోజూ అదే మాట. పోలయ్యది కెనడా. ఓడలో పరిచయమైనవాడెవడో అక్కడ చేపల ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఎర్రన్నది ఆస్ట్రేలియా.

"కెనడాలో సముద్రం గెడ్డకట్టీస్తాది బావా. సేపలు కొయ్యాలంటే అప్పకి రంపం కొనాల" అన్నాడు ఎర్రన్న.

"ఆస్ట్రేలియాలో ఏటున్నాదిరా. ఈల తాతల్ని దొంగతనం సేసినారని అక్కడికి తోలినారంట. దొంగల ఇంటికి ఎల్తావా?"

"దొంగలైతే మంచిదే. దొంగకి ఇంకో దొంగ భయం. మనజోలికి రాడు."

"నీ బుర్రలో సముద్రం గెడ్డకట్టీసినాది ముందు."

కాసులమ్మ చేప తిప్పింది. "మా మేనత్త మలేసియా ఎల్లినాది."

"ఎల్లి రబ్బరు పాలు తీసి తీసి సచ్చిపోనాది" అన్నాడు పోలయ్య.

"సచ్చిపోనాది. కన్ను పోయి సావనేదు."

మనుషులు దేశాన్ని ఎంచుకునే తీరు విన్నాను కదా. ఒక్కడూ అక్కడేముందని అడగలేదు. అక్కడ కొడతారా కొట్టరా అనే అడిగారు. అది తెలిసినవాడు ముగ్గురిలో లేడు.

కాసులమ్మ పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. వల ఏ వైపు వెయ్యాలో తేలకపోతే ఆమె తల్లి చేపల్ని వైపుకొకటి అనుకుని కోసేది. ఏ చేప కడుపులో జన ఉంటే ఆ వైపు. జన అంటే గుడ్లు. గుడ్లుంటే బతుకుంటుందని. పోలయ్యకి ఇది నచ్చలేదు. కానీ ఒంటికన్నుతో ఏ దేశపు కార్యాలయంలోకి వెళ్ళినా తనని ఎగాదిగా చూస్తున్నారు. మనిషిని అడిగేకంటే చేపని అడగడం నయమనుకున్నాడేమో, సరే అన్నాడు.

శనివారం సాయంత్రం, కొట్టు తెరవక ముందు, మూడు హెర్రింగు చేపలు తెచ్చి పెట్టాడు ఎర్రన్న. అవి మన కవ్వ చేపలకి పెద్దన్నలు. కాసులమ్మ మొహం కడుక్కుని వచ్చి నా మీద కాలేసి కూచుంది.

"ఇది కెనడా" అంది. నాకేసి నెట్టింది. కడుపు తెరుచుకుంది. లోపల కొవ్వులా తెల్లటి తిత్తి, గుడ్లు లేవు. మగ చేప.

"మగోడే" అన్నాడు ఎర్రన్న, సంతోషం దాచుకోలేక. పోలయ్య కట్టు కట్టిన కంటిని తడుముకున్నాడు.

"ఇది ఆస్ట్రేలియా." కోశాను. లోపల ఎర్రగా, వాడినట్టు, వేలెడంత ముక్క.

"జనే" అన్నాడు ఎర్రన్న.

"జనేటిరా అది. పేగు."

"నీకు ఒక కన్నే ఉన్నాది బావా. నువ్వు సగమే సూసినావు."

"ఆ సగంలో నీలాగ అబద్దం నేదు." పోలయ్య నవ్వాడు. కన్ను పోయాక మొదటిసారి నవ్వాడు. కాసులమ్మా నవ్వింది. మూడో చేప తీసింది. "ఇది" అంది.

అప్పుడు ముందు కొట్టులో అద్దం పగిలింది.

పోలయ్య అటు పరిగెత్తాడు. కాసులమ్మ చేప పట్టుకునే లేచింది. నన్ను ఒరిగించలేదు. అన్నేళ్ళలో అదే మొదలు.

ఐదారుగురు లోపలికి వచ్చారు. నూనె మూకుడు తన్నారు. పోలయ్యని కింద పడేసి బూట్లతో కొట్టారు. డొక్కలో, తొడల మధ్య. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది, పెద్ద చేప తల వెన్ను నుంచి విరిచినట్టు. ఒకడు "ఆ ఇంకో కన్నూ తీసెయ్" అన్నాడు. టెర్రీ కాలెత్తాడు.

ఎర్రన్న తలుపు దగ్గరికి వచ్చి అది చూశాడు. వెనక్కి తిరిగాడు. చేతికి ఎదురుగా నేను నిలబడి ఉన్నాను.

పీట పట్టుకుని ఎత్తాడు. నేను గాల్లోకి లేచాను. చేప నా దగ్గరికి రాలేదు, నేనే చేప దగ్గరికి వెళ్ళాను. టెర్రీ మెడకీ భుజానికీ మధ్య దిగాను. ఎముక తగిలి ఆగాను. ఎర్రన్న లాగాడు, వచ్చాను. ఇంకోసారి ఎత్తాడు కానీ కొట్టలేదు. కొట్టాల్సిన అవసరం లేదని వాడికీ నాకూ ఒకేసారి తెలిసింది. మిగతావాళ్ళు పారిపోయారు. ఒకడు వాకిట్లో వాంతి చేసుకున్నాడు.

టెర్రీ గోడకి జారగిలబడ్డాడు. నెత్తురు ఆగకుండా వస్తోంది. కాసులమ్మ చేప పారేసింది. పసుపు డబ్బా తెచ్చింది. మన ఇళ్ళలో తెగితే చేసేదే చేసింది. గుప్పిళ్ళతో పసుపు తీసి ఆ గాయంలో కూరింది, కొంగు తీసి అదిమి పట్టింది. "ఏటీ నేదు నాయనా, ఏటీ నేదు" అంటూనే ఉంది. వాడికి ఆ భాష రాదు. "మండుతోంది మిసెస్ కాసీ, మండుతోంది" అని అరిచాడు. ఎదురింటామె గుమ్మంలో నిలబడి చూసింది, విన్నది. కాసేపటికి అరవడం మానేశాడు. పంతొమ్మిదేళ్ళవాడు.

కోర్టులో నన్ను తెల్ల బట్ట మీద నిలబెట్టారు, మెడకి చీటీ కట్టి. ఎదురింటామె చెప్పింది: చచ్చిపోతున్న పిల్లాడి గాయంలో ఆమె పొడి చల్లింది, వాడు మంటని అరిచాడు. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. కాసులమ్మని అడిగారు. "పసుపెట్టినాను బాబూ. నెత్తురు ఆగాలని" అంది. దుబాసీగా పెట్టినవాడికి మన భాషల్లో హిందీ తప్ప రాదు. రేవులో ఓడవాళ్ళ దగ్గర నేర్చుకున్న కాస్త హిందీలో ఎర్రన్నే బోను నుంచి చెప్పబోతే నోరుముయ్యమన్నారు. దుబాసీ ఆ పొడి డబ్బా చూపించమని, వాసన చూసి, "కూరల్లో వేసే మసాలా" అన్నాడు. అదీ అబద్ధం కాదు.

జనం కాసులమ్మ వైపు చూశారు. కారం అనుకున్నారు. మనిషిని కోసి, కారం కూరి, చేపకి పట్టించినట్టు పట్టించారనుకున్నారు. అంతవరకూ పోలయ్య విరిగిన దవడ చూసి జాలిపడ్డవాళ్ళు కూడా మొహాలు తిప్పేసుకున్నారు. ఎర్రన్నకి యావజ్జీవం వేశారు. బావని కాపాడుకోడానికి ఎత్తాడన్న మాట ఆ మసాలా వాసనలో కొట్టుకుపోయింది.

తీర్పయ్యాక హాలు ఖాళీ అయింది. నన్ను ఇంకా తీసుకెళ్ళలేదు. పోలయ్య తీగలు వేసి కట్టిన దవడతో, పళ్ళ సందులోంచి అన్నాడు.

"కెనడావోళ్ళు రమ్మన్నారు. మనిద్దర్నీ. ఎల్దామా?"

కాసులమ్మ తన అరచేతులు చూసుకుంటోంది. ఆ పసుపు ఎప్పుడో పోయింది, అయినా చూసుకుంటోంది.

"ఎర్రన్నని ఏ దేశం జైల్లో ఎడతారు?"

"ఈ దేశంలోనే."

"అయితే ఈ దేశమే."

ఆ దవడతో పోలయ్య ఎక్కువ వాదించలేడు.

నన్ను ముందు ఒక గిడ్డంగిలో పెట్టారు. తర్వాత ఊళ్ళో పాత జైలు గదిని మ్యూజియం చేసి అద్దాల పెట్టెలో పెట్టారు. నా పక్కన ఒక ఉరితాడు, ఒక తుపాకీ. నా కింద "భారతీయుల వంపు కత్తి" అని రాశారు. బడిపిల్లలు వచ్చి, నన్ను ఎలా తిప్పుతారో గాల్లో చేతులు ఊపి చూపించుకుంటారు. కూచుని చూపించినవాళ్ళు లేరు.

మొన్న ఇద్దరు వచ్చారు. నల్ల కోటు కింద చీర. పక్కన తల నెరిసిన మగమనిషి, జైలు నడక. కాసులమ్మ అద్దం మీద వేలు పెట్టింది.

"తుప్పట్టించీసినారు. కాస్త కొబ్బరినూనె రాయరేటి."

ఎర్రన్న నన్ను చూడలేదు. ఉరితాడుని చూస్తున్నాడు. అటు చూస్తూనే అన్నాడు.

"అప్పా. బావ పోనాడు. నన్నింక ఏ దేశపోడూ రానివ్వడు. నువ్వైనా ఎల్లిపో. నాకోసమే గదా ఉండిపోనావు."

"ఎక్కడికెల్లాలిరా. సాయంత్రం కొట్టు తియ్యాల."

"ఆ ఈదిలోనేనా ఇంకా? టెర్రీ తల్లి ఉంటాది గదా అక్కడే."

"ఉన్నాది. శుక్కురోరం ఒచ్చి సేప కొనుక్కుంటాది. మాటాడదు."

"మరి నువ్వు?"

"నానూ మాటాడను. తోక ముక్క ఏసి ఇస్తాను."

ఎర్రన్న కాళ్ళు అక్కడే ఉండిపోయాయి. అతన్ని ఆ వీధిలోకి రానిస్తారో లేదో ఆమెకి మాత్రం ఏం తెలుసు. కోటు బొత్తాలు పెట్టుకుంది. తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

"పద. తాళం నా బొడ్లో ఉన్నాది. నాను ఎల్లకపోతే తలుపు తీసీవోళ్ళు నేరు."