మార్కర్ బూట్లు

మా కెప్టెన్‌ని అందరూ ఇస్త్రీ అంటారు. చొక్కా మీద చిన్న మడత పడితే ప్రాణం పోయినట్టు గోల చేస్తాడు. ఇచ్చిన మాట మడతపెట్టడానికి మాత్రం వాడికి క్షణం పట్టదు.

మా కాలేజీ డ్రిల్ సొసైటీలో నేను మార్కర్‌ని. పోటీలో మాది మౌన కవాతు. మొదట ఒక్క ఆజ్ఞ ఇచ్చాక ఎవరూ నోరు విప్పరు. ముందు వరసలో కుడి చివర నిలబడే మార్కర్ మడమ చప్పుడు వింటూ మిగతావాళ్ళంతా అడుగులు వేస్తారు. మామూలుగా అక్కడ అందరికన్నా పొడుగు మనిషిని నిలబెడతారు. నేను పొట్టిదాన్ని. పాదాలు మాత్రం మా నాన్నవి, పడవలంతేసి. అయినా తాళం తప్పనని నన్నే పెట్టారు. బస్సుల మెకానిక్ అయిన మా నాన్న తన చేత్తోనే నా బూట్ల మడమలకు ఇనుప లాడాలు కొట్టాడు.

పోటీకి ముందురోజు ఇస్త్రీ యూనిఫాం గదిలోకి ఒక కొత్తమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. కాలేజీ సెక్రటరీ గారి కూతురు, నిచ్చెనంత పొడుగు. స్కూల్లో డ్రిల్ చేసిందట.

"రేపు మార్కర్ ఈవిడే. రూలు ప్రకారం పొడుగువాళ్ళే ఉండాలి. నీ యూనిఫాం ఇచ్చెయ్, అది సొసైటీది."

"ఇన్నాళ్ళూ ఆ రూలు ఎక్కడ నిద్రపోయింది?" అన్నాను.

"బూట్లు కూడా."

"అవి నావి!"

"టీముకి నీ మడమ చప్పుడు అలవాటైపోయింది. అవి తొడుక్కుంటే అదే చప్పుడొస్తుంది."

ఔరా తెలివి! గరిటె అరువు తెచ్చుకుంటే వంట కూడా వచ్చేస్తుందనుకునే రకం. నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ చూశాను. టీమంతా అక్కడే ఉంది. ఒక్కరూ నోరెత్తలేదు, తలలు వంచుకుని ఇత్తడి బొత్తాలు తోముకుంటున్నారు. కుడివైపు తిరగమంటే ఎడమవైపు తిరిగే పిల్లకి, మేమంతా గోలీ అనే దానికి, తిరగడం నేర్పింది నేనే. అది కూడా, "ఇచ్చెయ్యవే బాబూ, గొడవెందుకు?" అంది.

"నోరు మూసుకుని కూర్చుంటే వచ్చే ఏడాది మార్కర్‌వి మళ్ళీ నువ్వే. లేదంటే సొసైటీలోనే ఉండవు," అన్నాడు ఇస్త్రీ.

ఆ చోటు లేకపోతే నాకు కాలేజీ ఉన్నా లేనట్టే. అందుకే బూట్లు విప్పి ఇచ్చాను.

ఇంట్లో నాన్న నా చెప్పులు చూశాడు. "బూట్లేవే?"

"అరువిచ్చాను."

"అరువు సొమ్ము బరువు చేటు అన్నారు. తొడుక్కున్నవాళ్ళకి ఎలాగూ సుఖముండదు. నువ్వు మాత్రం అడిగి తెచ్చుకో, వాటంతటవి నడిచిరావు."

మర్నాడు మైదానం పక్కన, నీళ్ళసీసాల దగ్గర కూర్చోబెట్టారు నన్ను. మా టీము సిమెంటు మీదికి వచ్చింది. లాడాలు మోగాయి గానీ అది నా చప్పుడు కాదు, వంటింట్లో గిన్నెలు దొర్లినట్టుంది. వెనక వరసలు తడబడ్డాయి. వెనక్కి తిరిగేచోట నిచ్చెన కాలి నుంచి ఎడమ బూటు ఊడి పడింది. వేళ్ళ దగ్గర కుక్కిన దూది బయటికొచ్చింది.

పడినదాన్ని చూడకూడదు, తీయకూడదు, నడుస్తూనే ఉండాలి. మా మొదటి పాఠమే అది. నిచ్చెన నిజంగానే ఆగలేదు. ఒక కాలు మోగుతూ, ఒక కాలు మోగకుండా నడిచింది. వెనకున్నవాళ్ళు ఆ బూటును తొక్కారు. గోలీ దాన్ని కాలితో పక్కకు తన్నింది.

మా నాన్న లాడం కొట్టిన బూటును!

లేచాను. వచ్చే ఏడాది గంగలో కలవనీ అనుకున్నాను. చెప్పులతోనే మైదానంలోకి నడిచాను. జడ్జీ ఈల ఊదాడు. టీము ఆగిపోయింది.

"ముట్టుకోకు!" పళ్ళు బిగించి అన్నాడు ఇస్త్రీ. "పడింది పడినట్టే ఉండాలి. రూలు తెలీదూ?"

"ఆ రూలు టీములో ఉన్నవాళ్ళకి. నన్ను తీసేశావుగా."

వంగి బూటు తీసుకున్నాను. దుమ్ము నా పావడాకే తుడిచాను. నిచ్చెన వైపు తిరిగి, "రెండోది కూడా విప్పు తల్లీ," అన్నాను. వంగి విప్పేసింది. ఆమె మడమ ఒరుసుకుపోయి రక్తం కారుతోంది. పాపం అనిపించింది, కానీ బూటు వదల్లేదు.

"నీకు సొసైటీలో ఇక చోటు లేదు," అన్నాడు ఇస్త్రీ.

"నీ సొసైటీ నువ్వే ఇస్త్రీ చేసుకో!"

అక్కడే కూర్చుని తొడుక్కున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు వైపు నడిచాను. నా మడమలు మోగాయి. నాలుగడుగులు వేశానో లేదో, వెనక ఇంకో చప్పుడు కలిసింది. టీమంతా నా మడమ చప్పుడు అందుకుని అడుగులు వేస్తోంది. ఆ చప్పుడు దగ్గరకి రావడం లేదంటే, ఉన్నచోటే.

"ఆగండి! ఎవరు చెప్పారు మీకు?" ఇస్త్రీ అరుస్తున్నాడు.

నిన్న ఒక్క నోరు లేవలేదు. ఇవాళ కాళ్ళు లేచాయి. సిగ్గులేని కాళ్ళు! ఏడుపొచ్చింది. ఎవరికీ కనిపించనివ్వలేదు. గేటు దాటేదాకా అదే తాళంలో నడిచాను, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.