కత్తెరకు అందిన పాట

కత్తెర తాతకు పాట లేనిదే చెయ్యి ఆడదు. సెలూన్లో అద్దం పక్కన రేడియో మోగుతుంటే ఆయన కత్తెర దానికి దరువేస్తుంది. జుట్టు మీద కాసేపు, గాల్లో కాసేపు, చిక్ చిక్. ఆ చప్పుడుకే సగం మంది కుర్చీలో కునుకు తీస్తారు. అయితే రేడియోలో ఆయన పెట్టేవన్నీ ఆయన మీసం నల్లగా ఉన్ననాటి పాటలు. ఆ తర్వాత వచ్చిన పాట ఒక్కటీ ఆయన చెవిన పెట్టలేదు.

ఆ ఉదయం మనవరాలు ఊడిపడింది. డ్రమ్స్ వాయిస్తుంది ఆ పిల్ల. పాలపళ్ళ నాటి నుంచి ఆమె జుట్టు మీద తాత కత్తెర తప్ప ఇంకోటి పడలేదు. ఆ సాయంత్రమే పెద్ద హాల్లో ఆమె బృందం మొదటిసారి వాయించబోతోంది. కుర్చీలో అప్పటికే తాతకు బావ వరసయ్యే టైలర్ ఉన్నాడు, మెడకు గుడ్డ చుట్టుకుని.

"తాతా, రేడియో ఆపు. ఇది మా పాట. బావ తాత క్షవరం అయిపోగానే దీనికి కత్తెర ఆడిస్తూ నా జుట్టు కత్తిరించాలి, సరేనా?" అంటూ ఫోను అద్దం ముందు పెట్టింది.

గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు అనిపించింది తాతకు.

"ఇది పాటా? నా కత్తెర దీనికి ఆడదే అమ్మా. ఆపెయ్."

పిల్ల మొహం ఇంతైపోయింది. "అయితే సాయంత్రం నువ్వు రానక్కర్లేదులే. ఎదురు సెలూన్లో ఇలాంటివే పెడతారు. నా జుట్టు ఇక అక్కడే."

విసవిసా రోడ్డు దాటేసింది. ఫోను మర్చేపోయింది. ఎదురు షాపు బెంచీ మీద, ఇద్దరి తర్వాత తన వంతు కోసం మూతి ముడుచుకుని కూర్చున్న పిల్ల తాతకు అద్దంలో కనిపిస్తూనే ఉంది.

"పిల్ల చేష్టలు బావా, పోనీ. ముందు ఆ గోల ఆపు," అన్నాడు టైలర్ బావ.

తాతకు ఆపడం తెలిస్తేగా! ఎక్కడ నొక్కినా ఇంకా పెద్దగా మోగింది. అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు.

"ఆపను," అన్నాడు తాత ఉన్నట్టుండి. "అక్కడ పిల్ల వంతు వచ్చేలోపు నా కత్తెర ఈ పాటను పట్టుకోవాలి."

"నా తల మీదా?"

"ఇప్పుడు నీ తలేగా నా చేతిలో ఉంది."

పాట పరుగు, దాని వెనక కత్తెర పరుగు. బావ చెవి పైన జుట్టులో మెట్టు పడింది. అది సరిచెయ్యబోతే ఇంకో మెట్టు.

"ఏం బావా, మేడ కడుతున్నావా?"

ఎదురు షాపు బెంచీ మీంచి ఒకడు లేచి లోపలికెళ్ళాడు. ఇక పిల్ల ముందు ఒక్కడే. తాత కత్తెర దించి తల వంచాడు. అప్పుడు కనిపించింది బావ కాలు. నోరు పాటను తిడుతూనే ఉంది గాని, జన్మంతా కుట్టుమిషను తొక్కిన కాలు కదా, దానంతటదే ఆడుతోంది. పైన సూది ఎంత పరుగెత్తినా కింద కాలు నింపాదిగా నడిచినట్టు.

"బావా, కాలు ఆపకు!"

"ఏ కాలు?"

"అడక్కు, ఆపకు!"

కత్తెర ఆ కాలితో కలిసింది. చిక్... చిక్... ఒక్కసారిగా ఆ గోలంతా చిక్కు విడిపోయింది. కింద ఆ నడక, దాని మీద గెంతులేస్తూ మనవరాలి చేతులు.

"ఓరి దీని దుంపతెగ! ఇదంతా మా పిల్లే వాయించిందా!" అని కేకేశాడు తాత.

ఫోను కోసం వచ్చిన పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె పాటకు తాత కత్తెర గాల్లో చిందులేస్తోంది. వెనక నుంచి ఎదురు సెలూను అతను కేకేశాడు, "అమ్మాయ్, నీ వంతు!"

"ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోండి!" అని అరిచింది వెనక్కి తిరక్కుండానే.

"లే బావా," అన్నాడు తాత.

"సగమే అయింది కదయ్యా!"

"నీ అందం ఎక్కడికీ పోదులే, లే."

పిల్ల కుర్చీ ఎక్కింది. పాట మళ్ళీ మొదలైంది. డ్రమ్ము ఆఖరి దెబ్బా, కత్తెర ఆఖరి చిక్ చప్పుడూ ఒక్కసారే పడ్డాయి.

పిల్ల అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "సాయంత్రం ముందు వరసలో కూర్చోవాలి తాతా. కత్తెర తెచ్చుకో."

"తెస్తానే. ముందు ఇంకోసారి పెట్టు, నా సరదా తీరలేదు."

బెంచీ మీంచి సగం తలతో టైలర్ బావ గొంతెత్తాడు. "పెట్టమ్మా పెట్టు. కాలేమో నాది, పేరేమో ఆయనది!"