నమూనా సంతకం

మావారి సంతకం నేను మూడు సెకన్లలో పెట్టగలను. మొదటి అక్షరానికి పెద్ద పొట్ట, అందులోంచి బయల్దేరి కుడివైపుకి సాగే గీత, చివర చేప తోకలా ఓ మెలిక, కింద రెండు చుక్కలు. ఆ రోజు పొద్దున్న కూడా విప్పని అట్టపెట్టె మీద కాగితాలు పరిచి, పొయ్యి మీది పాలు పొంగకుండా ఓ కన్నేసి, ఐదు దరఖాస్తుల మీద ఐదు సంతకాలు పెట్టేశాను. నీళ్ళకొకటి, కరెంటుకొకటి, గ్యాసుకి, ఇంటర్నెట్‌కి, చెత్త బండికి.

మేం ఆ కాలనీకి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. సముద్రం పక్కన స్కేలు పెట్టి గీసినట్టున్న వీధులు, అన్నీ తెల్లటి ఇళ్ళే, అన్నిటికీ నీలం తలుపులే. వచ్చిన మర్నాడు నేను పక్క వీధిలో ఎవరిదో ఇంటి తాళంలో మా తాళంచెవి పెట్టి, ఉప్పుగాలికి అప్పుడే తుప్పు పట్టిందా అని తిట్టుకుంటూ ఐదు నిమిషాలు తిప్పాను. ఇల్లు అప్పగించినప్పుడు ఓ ఫైలు ఇచ్చారు. పదిహేను రోజులు అన్నీ తాత్కాలికంగా వస్తాయనీ, ఆలోపు దరఖాస్తులు ఖాయం కాకపోతే పదహారో రోజు పొద్దున్న అన్నీ ఆగిపోతాయనీ మొదటి పేజీలోనే ఉంది. మావారు ఆ ఫైలు నా ఒళ్ళో పెట్టి, "ఇవన్నీ నీకు అలవాటే కదా, నాకు రావోయ్" అన్నారు.

రాదనే మాట మావారి నోట ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పలేను. టీ పెట్టడం రాదు. బట్టల మిషన్ వెయ్యడం రాదు. పాపకి జ్వరమొస్తే మందు ఎంత పొయ్యాలో చూడటం రాదు. ఓడరేవులో క్రేన్ నడుపుతారాయన. మేడంత ఎత్తున కూర్చుని, ముప్పై టన్నుల పెట్టెని గోరంత తేడా రాకుండా దించుతారని అందరూ చెప్పుకుంటారు. అదే మనిషి మిషన్ ముందు నిలబడి, "ఇందులో ఏది నొక్కాలో ఏమిటో, నాకు రాదోయ్" అంటే నవ్వొచ్చేది. నవ్వుకుంటూనే వెళ్ళి నొక్కేదాన్ని.

సంతకం సంగతి పెళ్ళయిన రెండో నెలలో మొదలైంది. గ్యాసు కాగితం మీద ఆయన సంతకం కావాలి, ఆయనేమో డ్యూటీలో ఉన్నారు. ఫోన్ చేస్తే, "నువ్వే గీకేయ్, ఎవడు చూడొచ్చాడు" అన్నారు. పాత క్యాలెండరు వెనక నలభైసార్లు గీకి, నలభై ఒకటోది కాగితం మీద పెట్టాను. ఇంటికొచ్చి చూసి, "అరె, నాకంటే నువ్వే బాగా పెట్టావే!" అని నవ్వారు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ మాటకి వారం రోజులు ఉబ్బిపోయాను. నా వంటకి గానీ, నా ఉద్యోగానికి గానీ ఆ ఇంట్లో అంత మాట ఎవరూ అనలేదు మరి. ఆ తర్వాత బ్యాంకు కాగితాలు, ఇంటి ఒప్పందాలు, పాప బడి పుస్తకాలు, అన్నీ నా చేతిమీదుగానే. అత్తయ్య వచ్చినప్పుడల్లా ఆ ఫైళ్ళు చుట్టాల ముందు తిరగేసి, "మావాడి శ్రద్ధ చూడండి, ఒక్క కాగితం అటూ ఇటూ పోదు. ఇల్లంతా వాడే చూసుకుంటాడు" అనేది. నేను పక్కన టీ కప్పులు పట్టుకుని నిలబడేదాన్ని. అత్తయ్య అబద్ధం చెప్తోందా, నిజమే చెప్తోందా? కిందున్న సంతకం ఆయనదే కదా. ఎంత ఆలోచించినా నాకు తేలేది కాదు.

దుకాణంలోనూ అంతే. పదకొండేళ్ళు కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేశాను. చీకటి గదిలో ఒకరి ముఖం ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని రోజుకి వందసార్లు అడిగేదాన్ని. చీటీ నేను రాసేదాన్ని, కింద సంతకం యజమాని పెట్టేవాడు. హాజరుకి వేలు ఆనిస్తే చాలు. మావారికి ఈ కొత్త రేవుకి బదిలీ అనగానే ఉద్యోగం మానేశాను. మానేస్తున్నానని ఫోన్లో రెండు ముక్కలు పంపితే, సరేనని ఒక ముక్క వచ్చింది.

కాలనీ సేవాకేంద్రంలో కౌంటరు వెనక కూర్చున్నావిడ కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. పవరు చాలట్లేదు పాపం అనుకున్నాను. మనసులో ఆవిడకి అద్దాలావిడ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నా దరఖాస్తులు మిషన్లో పెట్టి, "భలే కలిసిందండీ, పాత ఊరి రికార్డుకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు" అంది. బడిలో మార్కులు చెప్పినప్పటిలా నా ముఖం విప్పారింది. ఆవిడ ఇంకా ముగించలేదు. "మీవారు ఒక్కసారి స్వయంగా వచ్చి, నా ఎదురుగా ఈ పలక మీద సంతకం పెడితే అన్నీ ఖాయం చేసేస్తాను" అంది. 

మావారికి పదమూడో రోజు మధ్యాహ్నం గానీ కుదరలేదు. విసుక్కుంటూనే వచ్చి, పలక మీద తనదైన సంతకం పెట్టారు. చిన్న పొట్ట, వంకర గీత, తోక లేదు, చుక్కలసలే లేవు. మిషన్ ఎర్రగా వెలిగింది. రెండోసారీ వెలిగింది.

"కలవట్లేదండీ" అంది అద్దాలావిడ.

"కలవకపోవడమేంటి? మనిషిని నేనే వచ్చి మీ ఎదురుగా నిలబడితే!"

"మీరు మీరేనండీ. సంతకమే మీది కాదంటోంది."

"ముప్పై టన్నులు దించే చెయ్యండీ ఇది!" అని ఆయన ఆ చెయ్యి ఆవిడకి చూపించారు. ఆవిడ చేతికేసి చూడలేదు. అద్దాల పైనుంచి నాకేసి చూసింది. నేను గోడ మీది కాలనీ మ్యాపులో మా ఇల్లెక్కడుందో వెతుకుతున్నట్టు నటించాను. నిజంగానే కనపడలేదు కూడా. ఇంకొక్కసారి తప్పితే దరఖాస్తు ఆగిపోతుందనీ, బాగా చూసుకుని రమ్మనీ చెప్పి ఆవిడ మమ్మల్ని పంపించేసింది.

ఆ సాయంత్రం మావారు అట్టపెట్టె ముందు బాసింపట్టు వేసుకుని తన సంతకం తాను నేర్చుకున్నారు. నేను పెట్టిన నమూనా పక్కన పెట్టుకుని, నాలుక పళ్ళ మధ్య బిగించి ఒకటే గీయడం. "పొట్ట ఇంకాస్త పెద్దది రావాలండీ. గీత లాగేటప్పుడు చెయ్యి ఆపకండి" అని నేను చెప్తుంటే పాప పడీపడీ నవ్వింది. "నాన్న సంతకం అమ్మకే బాగా వచ్చు నాన్నా" అంది. అంతసేపూ నవ్వుతున్న మనిషి ఆ మాటకి పెన్ను పడేశారు. "అసలు నా సంతకం చెడగొట్టిందే నువ్వు. ఇన్నేళ్ళూ ఇష్టమొచ్చినట్టు పొట్టలూ తోకలూ పెట్టి, ఇప్పుడు నలుగురిలో నన్ను దొంగని చేశావు" అన్నారు. నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో తెలియలేదు. నేను చెడగొట్టానా? నాకంటే నువ్వే బాగా పెట్టావన్నది ఎవరు మరి? అత్తయ్యకి ఫోన్ చేస్తే, "వాడి చెయ్యి మొదట్నుంచీ అంతే, నువ్వే ఎలాగో సర్దుకో అమ్మాయ్" అంది. ఏం సర్దుకోవాలో అత్తయ్యా చెప్పలేదు, నేనూ అడగలేదు.

పద్నాలుగో రోజు మావారే ఉపాయం చెప్పారు. "నాకు చెయ్యి బెణికిందని చెప్పి ఆ పలక మీద నువ్వే పెట్టేసెయ్. నవ్వుతూ మాట్లాడితే ఒప్పుకుంటుందిలే" అని డ్యూటీకి వెళ్ళిపోయారు. పాప ఆడుకోవడానికి ఇసుకలోకి పోయింది. నేనా అట్టపెట్టె ముందే కూర్చుండిపోయాను. ఎందుకో నా సంతకం పెట్టి చూద్దామనిపించింది. పెన్ను ఆనించగానే చెయ్యి దానంతటదే పెద్ద పొట్ట చుట్టింది. కొట్టేసి మళ్ళీ మొదలెట్టాను. ఈసారి పేరు నాదే, తోక మాత్రం ఆయనది. కాలేజీలో ఉండగా నాకంటూ ఒకటి ఉండేది. కింద గీత ఉండేదా? ఏటవాలుగా ఉండేదా? ఇంటిపేరు ముందా, వెనకా? అది అసలు ఏ ఇంటిపేరు? ఎదురుగా నేనే కూర్చుని, నేనే అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా ఇందాకటిదా అని అడుగుతుంటే జవాబు రాలేదు. అన్నీ మసగ్గానే ఉన్నాయి. ఆయన సంతకం నమూనా మిషన్లో ఉంది, నాది ఎక్కడా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న దానికి ఏడుస్తారా ఎవరైనా అని కూడా అనిపించింది. అయినా ఏడ్చాను.

మర్నాడు పదిహేనో రోజు. ఆ రోజు దాటితే పొద్దున్నకి కుళాయి కూడా రాదు. దారంతా చెయ్యి బెణికిందన్న అబద్ధాన్ని అప్పజెప్పుకుంటూ వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాను.

"మావారి చెయ్యి..."

"బెణికిందా?" అంది అద్దాలావిడ తలెత్తకుండా. "ఈ నెలలో ఈ కాలనీలో నలుగురు మగవాళ్ళకి బెణికాయండీ చేతులు. నలుగురి భార్యలూ వచ్చి మీరున్న చోటే నిలబడ్డారు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆవిడ గొంతు తగ్గించి, "ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు ఎవరి పేరు మీదైనా ఇస్తామండీ. మీ పేరు మీద పెట్టేయమంటారా?" అంది.

"నా సంతకం మీ రికార్డులో లేదండీ."

"లేకపోతే ఏం? ఇవాళ పెట్టేదే మీ సంతకం. ఇక ముందంతా దాంతోనే పోల్చి చూస్తాం."

అంత తేలికా అది?  మావారికి ఏం చెప్పాలి, అత్తయ్య ఏమంటుంది, చుట్టాలు ఆ ఫైలు తిరగేస్తే ఏమనుకుంటారు అని బుర్రలో అన్నీ ఒక్కసారే గోల చేశాయి. ఆయన పేరు పెట్టమని ఈ ఐదు కాగితాల మీదా ఎవరూ అడగలేదని కూడా అప్పుడే తట్టింది. ఇంటివారి పేరు అన్నచోట నా చెయ్యే ఆయన పేరు రాసుకుంటూ పోయింది. పలక మీద పెన్ను ఆనించాను. పొట్ట చుట్టబోయిన చేతిని ఆపి, రెండో తరగతి పిల్లలా గుండ్రంగా, తోకా చుక్కలూ లేకుండా నా పేరు రాశాను. ఇంటిపేరు ఏదీ పెట్టలేదు.

"ఇదేనా? మళ్ళీ ఇలాగే పెట్టగలరా?"

పెట్టాను. మూడోసారీ పెట్టాను. మిషన్ పచ్చగా వెలిగింది. నేను కదలకపోవడం చూసి, "ఇంకేమైనా కావాలాండీ?" అంది ఆవిడ. "దాని కాపీ ఒకటి ఇస్తారా, మర్చిపోతానేమోనని" అన్నాను. ఇచ్చింది. మీరు కూడా ఒకసారి కళ్ళు చూపించుకోండని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం నా ఫోన్‌కి ఐదు మెసేజీలు వరసగా వచ్చాయి, ఐదింటిలోనూ నా పేరే. మర్నాడు పొద్దున్న మావారు కుళాయి తిప్పి చూసి, "వస్తున్నాయిగా. ఒప్పుకుందన్నమాట" అన్నారు. నా పేరు మీద పెట్టానని చెప్పాను. "ఎవరి పేరైతే ఏంలే, నీళ్ళొస్తే చాలు" అని సోఫాలో వాలి ఫోన్ చూసుకోసాగారు. ఆయన నిజంగానే పట్టించుకోలేదో, పట్టించుకోనట్టు ఉన్నారో నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ ఏం చూసి భయపడ్డానో అదీ అర్థం కాలేదు. అంతలో పాప బడిబస్సు కాగితం తెచ్చింది. తండ్రి సంతకం అన్నచోట ఖాళీ ఉంది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే కాగితం నా వైపు తోసి, "నాది ఒకటి గీకేసెయ్" అన్నారు. పెన్ను నా చేతిలోనే ఉంది. మూడు సెకన్ల పని. నేను పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద ఉంచి, రెండూ కలిపి ఆయన వైపు జరిపాను.

"నాకు రాదండీ" అన్నాను.